సుభద్రమ్మ కవాటం

వీధి చివరి గుండె మరమ్మతుల దుకాణంలో విశ్వపతి మాస్టారు ఆయాసపడుతూ కూర్చున్నారు. ఆయన గుండె కవాటం కారుతోంది. ఇవాళ మార్చకపోతే ప్రాణానికే ముప్పు.

"పంది కవాటం వేయమంటారా?" అడిగింది నర్సు రజియా. "ఇంట్లో పాతది ఉన్నా కడిగి బిగిస్తాం."

పాతది ఉంది. భార్య సుభద్రమ్మ పోయినప్పుడు ఆమె గుండెలోంచి తీసి ఇచ్చారు. ముప్పయ్యేళ్ల గ్యారంటీ, వాడింది ఆరేళ్లే. మనిషి పోయింది గానీ వస్తువు చెక్కుచెదరలేదు.

"నలభయ్యేళ్లు బయటి నుంచి నడిపించింది. ఇక లోపల్నుంచి కూడానా?"

"పందైతే ఏమీ అనదు లెండి మాస్టారూ."

అయినా మాస్టారు సంచిలోంచి సుభద్రమ్మ కవాటం ఉన్న డబ్బా తీసి ఇచ్చారు.

అరగంటలో పని అయిపోయింది. హాయిగా ఊపిరి పీలుస్తూ వెళ్లి మిరపకాయ బజ్జీల బండి దగ్గర ఆగారు. గుండె ఒక్కసారి గట్టిగా కొట్టుకుంది.

"ఒక్కటే తింటాలేవే," అన్నారు, ఛాతీ నిమురుకుంటూ.