ఆ రోజు పడని మూడు గోల్స్

పంతొమ్మిది ప్రశ్నలకు పచ్చగుర్తు వేసిన ముసలాయన, ఇరవయ్యో ప్రశ్న దగ్గర ఎర్రగుర్తు వేసి కలానికి మూత పెట్టేశాడు.

రమ్లాకు ఒళ్లు మండింది.

మండదా మరి! ఆరు నెలలు కూర్చుని రాసిన గైడ్ అది. ట్యునీషియా ఫుట్‌బాల్ రికార్డులన్నీ ఉన్న తమ సాఫ్ట్‌వేర్‌ను, జనం అడిగినవాటికి జవాబులు చెప్పే ఏఐ ఏజెంట్లు ఎలా వాడుకోవాలో చెప్పే గైడ్. ఒంటిగంటకు ట్యూనిస్ నుంచి టీవీ వాళ్లు వస్తున్నారు. ఇరవైకి ఇరవై పచ్చగా ఉంటేనే ఒప్పందం. లేదంటే స్ఫాక్స్‌లోని ఈ చిన్న ఆఫీసుకు తాళం, ఆమె ఉద్యోగానికి మంగళం.

గైడ్ చదివిన ఏజెంట్ ఇరవై ప్రశ్నలకు ఇచ్చిన జవాబులు సరిచూడటానికి ఆట తెలిసిన మనిషి కావాలంటే ఎవరో ఈయన్ను పంపారు. వెలిసిపోయిన కోటు, బట్టతల. పేరు తిజానీ అన్నాడు, అంతే. అక్కడి మర్యాద కొద్దీ ముందు 'సీ' చేర్చి పిలుస్తోంది రమ్లా.

"ఏమైంది సీ తిజానీ? ఏజెంట్ బాగానే చెప్పిందిగా!"

"ఇంకోసారి చదువు తల్లీ."

రమ్లా తెర మీది జవాబు గబగబా చదివింది. "1981 ఆఖరి మ్యాచ్‌లో ఉప్పు కూలీల జట్టు మీద ఓడరేవు జట్టు 3-0తో గెలిచింది. మూడు గోల్సూ తొమ్మిదో నంబర్ ఆటగాడు కొట్టాడు. ఇందులో తప్పేముంది?"

"ఆ రోజు ఒక్క గోలూ పడలేదు."

"రికార్డులో ఉందిగా!"

"రికార్డులోనే ఉంది. గ్రౌండ్‌లో లేదు."

ముసలాయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"సమ్మె చేశాడని ముందురోజు ఉప్పు జట్టు కీపర్‌ని పోలీసులు పట్టుకుపోయారు. వాడి చోట ఇంకొకణ్ణి నిలబెట్టం అని జట్టంతా గ్రౌండ్‌లో కూలబడింది. ఓడరేవు జట్టు తొమ్మిదో నంబర్ వాడు బంతి తీసుకుని ఖాళీ గోల్ దాకా వెళ్లాడు. గీత ముందు ఆగిపోయాడు. కొట్టరా అని జనం అరిచారు. కోచ్ బూతులు తిట్టాడు. వాడు కొట్టలేదు."

"మరి ఆ మూడు ఎక్కడివి?"

"లీగ్ పెద్దలు బల్ల చుట్టూ కూర్చుని ఇచ్చారు. ఆడనన్న జట్టుకు మూడు-సున్నా ఓటమి. తెలియనట్టు అడుగుతావేం?"

రమ్లాకు తెలుసు. బల్ల మీద తేల్చిన మ్యాచ్‌లు ఈ దేశంలో కొత్తా? కొట్టినవాడి పేరు ఖాళీగా వదిలితే కంప్యూటర్ ఒప్పుకోదని, ఎక్కించేవాళ్లు తొమ్మిదో నంబర్ వాడి పేరు తగిలించి ఉంటారని కూడా ఊహించింది.

"స్కోరంటే ఆటలో పడ్డ గోల్స్ అని గైడ్‌లో రాశావు. బల్ల మీద ఇచ్చినవి వేరని కూడా రాయి. పాపం ఆ ఏజెంట్‌కేం తెలుసు? నువ్వు చెప్పిందే లోకమంతా చెప్పుకుంటూ పోతుంది."

"అలా రాయాలంటే రికార్డులన్నీ విడదీయాలి. వారం పని. నాకున్నది గంట!"

"అయితే ఎర్రగుర్తే."

"నలభై ఏళ్ల నాటి గొడవ ఇప్పుడెవరిక్కావాలి?"

"నాక్కావాలి."

"అర్థమైందిలెండి! మీరు ఉప్పు జట్టు మనిషి. ఓడిన కడుపుమంట నా మీద తీర్చుకుంటున్నారు."

ముసలాయనకు కోపం రాలేదు. నవ్వాడు.

"ఏ జట్టు మనిషినైనా, పడని గోల్ పడిందనను. నువ్వన్నా సరే, నీ మెషీన్ అన్నా సరే, ఆ లీగ్ పెద్దలు సమాధుల్లోంచి లేచొచ్చి అన్నా సరే!"

కాగితం ఆమె ముందు పెట్టి, కోటు దులుపుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు. పోయించిన టీ అలాగే ఉంది.

ఈయన మొండితనానికి తన ఆరు నెలలు బలి కావాలా? రమ్లా ఎర్రగుర్తును పచ్చగా మార్చేసింది.

టీవీ వాళ్లు వచ్చారు. బక్లావా మిఠాయి తిన్నారు. ఇరవై పచ్చగుర్తులు చూసి సంతకాలు పెట్టారు. నాలుగయ్యేసరికి గైడ్ వేల ఏజెంట్ల చేతికి చేరింది. ఎవరు అడిగినా అవి ఇక ఆ మూడు గోల్స్ కథే చెబుతాయి. సంతకాలయ్యాక వెనక్కి తీసుకునే దారి లేదు.

అందరూ చప్పట్లు కొడుతుంటే రమ్లాకు ఎందుకో సిగ్గేసింది. ఇంతకీ ఆ తొమ్మిదో నంబర్ ఎవరో చూద్దామని అతని పేజీ తెరిచింది.

ఆ ఏడాది అందరికంటే ఎక్కువ గోల్స్ అతనివే, ఇరవై ఒకటి. రెండోవాడివి పంతొమ్మిది. ఆ మూడూ తీసేస్తే అతని మొదటి స్థానం పోతుంది.

ఫొటోలోని కుర్రాడికి తలనిండా జుట్టుంది గానీ, మనిషి మాత్రం పొద్దున ఆమె ఎదుట కూర్చున్న తిజానీయే.