ఊడవని గది

“ఇల్లంతా తుడిచాను సెబో. ఆ పడకగదిలో మాత్రం అడుగు పెట్టను,” అంది ఆకుపచ్చ యూనిఫాం మనిషి, వంటింటి గోడవైపు తిరిగి.

లుబేగా గడియారం చూసుకున్నాడు. పన్నెండున్నర. ఒంటిగంటకల్లా, అతను పెళ్లాడాలనుకుంటున్న నాంతేజా తాలూకు మేనత్త వస్తుంది. ఆవిడ ఇల్లు చూసి సరే అంటేనే పెళ్లిమాట ముందుకు కదులుతుంది. తల అడ్డంగా ఊపిందంటే అంతటితో సరి. నాంతేజా ఫోన్లో పదిసార్లు హెచ్చరించింది. మేనత్త కుర్చీ చూపిస్తే కూర్చోదట, నీళ్లిస్తే తాగదట, తిన్నగా పడకగదిలోకి వెళ్లి పరుపు ఎత్తి చూస్తుందట. మగవాడి సంగతి అక్కడే బయటపడుతుందని ఆవిడ లెక్క.

అందుకే లుబేగా జీవితంలో మొదటిసారి ఇల్లు శుభ్రం చేసే కంపెనీకి ఫోన్ చేశాడు. ఇన్నాళ్లూ తన ఇల్లు తనే ఊడ్చుకుంటున్నానని చెప్పుకునేవాడు. ఆ మాట నాంతేజా ఒక్కతే నమ్మేది.

“నేను పిలిపించిందే ఆ గది కోసం. అందులో ఏముందని? పాముందా?”

“ఏమీ లేదు సెబో. ఆ ఒక్క గదికి ఇంకెవరినైనా పంపమనండి.”

సెబో అని అయ్యగారి మర్యాద ఇస్తూనే, ఆ మాటా గోడకే చెప్పింది.

పొద్దున ఎనిమిదింటికి వచ్చినప్పుడు ఇలా లేదు. యాభై దాటిన మనిషి, చలాకీగా ఉంది. కిటికీల మీద పేరుకున్న ఎర్రధూళి చూసి, ఇందులో మనిషి ఉంటున్నాడా మేకల్ని కట్టేస్తున్నారా అని నవ్వించింది. లుబేగా కూడా నవ్వేసి, ఎవరొస్తున్నదీ ఎందుకొస్తున్నదీ చెప్పాడు. నాంతేజా ఇంటివాళ్లలో ఒక్కరినీ తనింకా చూడలేదని, మిత్యానా నుంచి దిగుతున్న ఆ మేనత్తే మొదటి గండమని, తన పరువు ఇక ఈ చీపురు మీదే ఉందని అన్నాడు.

అప్పట్నుంచీ ఆ మనిషి మొహం కనబడితే ఒట్టు. అతను హాల్లోకొస్తే ఆవిడ వంటింట్లోకి, అతను వంటింట్లోకొస్తే ఆవిడ బాల్కనీలోకి. పని మాత్రం ఊపిరి తీసుకోకుండా చేసింది. చెప్పని అలమరలు కూడా తెరిచింది. గిన్నెలు బోర్లించి అడుగులు చూసింది. ఫ్రిజ్‌లో బీరు సీసాల దగ్గర కాస్త ఎక్కువసేపే ఆగింది. ఇది శుభ్రం చేయడమా, సోదా చేయడమా అని అతనికి అప్పటికే ఒళ్లు మండుతోంది. ఇప్పుడీ పడకగది పేచీ.

కంపెనీకి ఫోన్ చేసి అరిచాడు. అవతలి మేనేజరు నిదానంగా, ఆవిడ మా దగ్గర అందరికంటే పాతమనిషి, ఇంతవరకూ ఒక్క ఫిర్యాదు లేదు అంది. ఇప్పుడొచ్చింది, రాసుకో అన్నాడు లుబేగా. ఇంకో మనిషిని పంపాలంటే నాలుగవుతుందంది. నాలుగింటికి నా పెళ్లి చెడిపోయి ఉంటుందని ఫోన్ పెట్టేశాడు.

పంతం తగ్గించుకుని ఉతికిన దుప్పటి తీసుకొచ్చాడు. సరే, గది తనే ఊడ్చుకుంటాడు, కనీసం ఈ దుప్పటైనా మడతలు పోయేలా ఇస్త్రీ చెయ్యమని చాచాడు. ఆవిడ వెనక్కి జరిగింది.

“కింద పెట్టండి. తీసుకుంటాను.”

“నా చేతిలోంచి తీసుకోరా?”

“కింద పెట్టండి సెబో, మీకు పుణ్యముంటుంది.”

లుబేగా నోట్లో ‘మీరు’ అంతటితో పోయింది.

“నాకేమైనా కుష్టు ఉందా? పొద్దున్నుంచీ చూస్తున్నా. నేనొస్తే పారిపోతావు, పిలిస్తే గోడతో మాట్లాడతావు. ఇంట్లో ఏం నొక్కేశావు? మొహం గుర్తుపడితే పట్టుకుంటాననా?”

ఆవిడ తన సంచి భుజాన వేసుకుంది. బకెట్టు, చీపురు, గుడ్డలు ఒక్కటొక్కటే సర్దుకుంది. మెడలోని రుమాలు విప్పి తలమీదుగా కళ్లదాకా లాక్కుంది. గోడకు వీపు రాసుకుంటూ, అతనికి ఎంత దూరంగా వీలైతే అంత దూరంగా, వీధి తలుపువైపు నడిచింది.

దాంతో లుబేగా అనుమానం కాస్తా రూఢి అయిపోయింది. రెండంగల్లో వెళ్లి తలుపుకి అడ్డం నిలబడ్డాడు.

“సంచి తెరువు.”

ఆవిడ బకెట్టు వదిలేసింది. రెండు చేతులతో మొహం కప్పుకుని నేలమీద కూలబడబోయింది. అతను మణికట్టు పట్టుకుని పైకి లాగాడు. ఆవిడ చెయ్యి విదిలించుకోబోయింది. దొంగలకి ఇది సహజమే అనుకుని ఇంకా గట్టిగా బిగించాడు.

అతని వెనకే వీధి తలుపు తెరుచుకుంది.

భుజాలు ఎత్తుగా నిలిచిన పసుపు గోమెసి గౌను వేసుకుని, చేతిలో బుట్టతో ఒక పెద్దావిడ గుమ్మంలో నిలబడి ఉంది. చెప్పిన టైముకి పావుగంట ముందు. ఎవరో అడగక్కర్లేదు.

లుబేగా చెయ్యి వదల్లేదు. వదిలితే దొంగ జారిపోతుంది, పరువు కూడా దాంతోనే పోతుంది. మేనత్త సరిగ్గా సమయానికి వచ్చిందని, ఇలాంటి మనుషుల్ని నమ్మి ఇల్లప్పగిస్తే ఏం జరుగుతుందో ఆవిడే చూడొచ్చని, ఈమె మొహం చూపించదు, చేతిలో వస్తువు అందుకోదు, పడకగది గడప తొక్కదు, ఇప్పుడేమో సంచి తెరవనంటోందని గబగబా చెప్పుకుపోయాడు.

పెద్దావిడ అతన్ని చూడటం లేదు. రుమాలు జారిన ఆ మొహం వైపే చూస్తోంది. చేతిలో బుట్ట కింద పడింది. పడిందాన్ని తీయడానికి కూడా ఆవిడ వంగలేదు.

“చెయ్యి వదులు నాయనా,” అంది చివరికి. “అల్లుడు అత్తగారి ఎదురుగా నిలబడితేనే మనలో మహాపరాధం; ఇక ఆవిణ్ని తాకడం, ఆవిడ అల్లుడి పడకగది తొక్కడం అయితే చెప్పనే అక్కర్లేదు. నువ్వు పట్టుకు లాగుతున్నది నాంతేజా కన్నతల్లి చెయ్యి.”