కాఫీ ముట్టని మనిషి

“మొన్న చెప్పిందే మళ్లీ చెప్పమంటావేంటి బాబూ? ఆ మిషను పనిచేయలేదా?” అన్నాడు హనుమయ్య.

“చేసింది సార్. నాకే ఇంకోసారి వినాలనిపించింది,” అంటూ కెప్టెన్ మాధవ్ జేబులోంచి రికార్డర్ తీసి బల్ల మీద పెట్టాడు.

మాణిక్యమ్మ రెండు గ్లాసుల్లో కాఫీ తెచ్చింది. మాధవ్‌ని ఎగాదిగా చూసి నవ్వింది.

“రోజూ మామూలు బట్టల్లో వచ్చేవాడివి. ఇవాళ యూనిఫాం వేసుకుని పెళ్లికొడుకులా తయారయ్యావేంటి నాయనా?”

“ఈ పనికి ఇవాళే ఆఖరి రోజమ్మా.”

మాధవ్ సైన్యంలో పరిశోధన విభాగం మనిషి. ఏ పనికి మనిషిలో ఏ శక్తి ఎంత ఉండాలో తేల్చడం వాళ్ల పని. ట్యాంకు నడిపేవాడికి చూపు ఎంతుండాలి, రేడియో దగ్గర కూర్చునేవాడికి వినికిడి ఎంతుండాలి, అన్నీ కొలిచేశారు. ఎవరూ కొలవని పని ఒకటి మిగిలిపోయింది. చనిపోయిన సైనికుడి ఇంటికి ఆ కబురు పట్టుకెళ్లే పని. సుబేదారుగా రిటైరయ్యే లోపల హనుమయ్య ఎన్నో గడపలకి ఆ కబురు మోశాడు. అందుకే మాధవ్ తిరువూరు వచ్చి, బస్టాండు దగ్గర లాడ్జిలో దిగి, వారం రోజులుగా ఆయన దగ్గరికి తిరుగుతున్నాడు.

మొదటి రోజు ఇద్దరూ ఒకరినొకరు ‘సార్’ అనుకుంటుంటే మాణిక్యమ్మ పడీపడీ నవ్వింది. హోదాలో మాధవ్ పెద్ద, వయసులో హనుమయ్య పెద్ద. చివరికి మాధవ్ బతిమాలితే హనుమయ్య ‘బాబూ’లోకి దిగాడు. ‘మా అఖిల్ కన్నా నాలుగేళ్లు పెద్దవాడివేమో’ అన్నాడు. అఖిల్ ఆయన కొడుకు. తండ్రి దారిలోనే సైన్యంలో చేరాడు.

ఈ పరిశోధన మీద హనుమయ్య చాలా ఆశ పెట్టుకున్నాడు.

“ట్యాంకు ఎవడికి పడితే వాడికిస్తారా? ఇవ్వరు కదా. మరి ఈ పనికి మాత్రం ఎవడు దగ్గర్లో ఉంటే వాణ్ణి తోసేస్తారు. నీ రిపోర్టులో ఆ ముక్క గట్టిగా రాయి బాబూ. ఇంకే ఇంట్లోనూ నేను కబురు పట్టుకెళ్లిన మొదటి ఇంట్లోలా జరగకూడదు.”

“రాస్తాను సార్. ఆ ఇంటికి వెళ్లాక ముందు ఏం చేయాలన్నారు?”

“తల్లి పక్కన సొంత మనిషి ఒక్కరైనా ఉండేదాకా నోరు విప్పకూడదు. అప్పటిదాకా కూర్చోవాలి. వాళ్లేం మాట్లాడితే అది మాట్లాడాలి. గుండె నిబ్బరం కావాల్సింది అక్కడే. చెప్పడానికేముంది, అరనిమిషం పని.”

“నువ్వు కాఫీ తాగు నాయనా, చల్లారిపోతోంది,” అంది మాణిక్యమ్మ. “నీకూ ఈయన జబ్బు అంటుకుందా ఏంటి? ఈయన పరాయి ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టరు. మా వినీల సంబంధం మాట్లాడ్డానికి గంపలగూడెం వెళ్లి, వియ్యాలవారిచ్చిన కాఫీ అలాగే వదిలేసొచ్చారు. సంబంధం నచ్చలేదేమోనని వాళ్లు ఒకటే బెంగ! ఊళ్లో సగం మంది ఈయనకి పొగరనే అనుకుంటారు. మా అఖిల్ ఇలా కాదు. ఎవరింటికెళ్లినా రెండో గ్లాసు అడిగి మరీ తాగుతాడు. నిన్న ఆదివారం కదా, ఫోన్ చేస్తాడనుకున్నా. ఆ కొండల్లో సిగ్నల్ దొరకలేదేమో వెధవకి.”

పొయ్యి మీద పప్పు గుర్తొచ్చి ఆవిడ లోపలికి వెళ్లింది. హనుమయ్య గొంతు తగ్గించాడు.

“పొగరు కాదు బాబూ. ఇది నీకు ఇదివరకు చెప్పలేదు. మొదటిసారి పంపినప్పుడు నాకెవరూ ఏమీ నేర్పలేదు. రైలు దిగి మామూలు బట్టల్లోనే వెళ్లాను. ఆ తల్లి నన్ను కొడుకు స్నేహితుణ్ణనుకుంది. ‘ముందు కాళ్లు కడుక్కో, తిందువు గాని’ అని వేడివేడిగా పెసరట్లు వేసి పెట్టింది. చెప్పలేక తిన్నాను. తిన్నాక చెప్పాను. ఆవిడ ఏడవలేదు. నా కంచం వంకే చూస్తూ ఉండిపోయింది.”

“తర్వాత సార్?”

“చాలా ఏళ్లకి ఆ ఊరివాడొకడు కనిపించాడు. ఆవిడ మళ్లీ గడప తొక్కినవాళ్లెవరికీ గ్లాసుడు నీళ్లు కూడా ఇవ్వలేదట. కొడుకు పోవడం నా చేతిలో లేదు. పెట్టే ఆ చేతి మంచితనం మాత్రం నేనే పోగొట్టాను. ఇప్పటికీ పెసరట్టు వాసనొస్తే అక్కణ్ణించి లేచి వెళ్లిపోతాను బాబూ. ఆ కబురుతో వెళ్లినవాడు ఆ ఇంట్లో ఏదీ ముట్టకూడదు. ఇది కూడా రాయి.”

మాధవ్ తలూపాడు. ఏమీ రాసుకోలేదు. హనుమయ్య రికార్డర్ వంక చూశాడు. దాని ఎర్రలైటు వెలగడం లేదు.

“అరె, ఇంతసేపూ ఇది ఆన్ చేయనే లేదు బాబూ!”

ఇంతలో గేటు ముందు ఆటో ఆగింది. వినీల దిగింది. మాణిక్యమ్మ చేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చింది.

“చెప్పాపెట్టకుండా ఊడిపడ్డావేంటే?”

“ఈ సార్‌గారే పొద్దున ఫోన్ చేసి రమ్మన్నారమ్మా. నాన్నగారి ఉద్యోగం గురించి నాతోనూ మాట్లాడాలట.”

“మంచిదేలే, భోజనం వేళకి వచ్చావు,” అంటూ మాణిక్యమ్మ కూతురి భుజం మీద చెయ్యి వేసింది.

మాధవ్ టోపీ పెట్టుకుని లేచి నిలబడ్డాడు. బల్ల మీద అతని కాఫీ మీగడ కట్టి అలాగే ఉంది. హనుమయ్య దానివంక చాలాసేపు చూశాడు. తర్వాత కుర్చీ చేతులు పట్టుకుని లేచి, ఒకప్పటిలా నిటారుగా నిలబడ్డాడు.

“కబురు మా అఖిల్‌దేనా సార్?”