ఒకే కడుపు, మూడు గడులు

"తెల్లవాళ్లా, నల్లవాళ్లా, ఇతరులా? మీ జాతేంటో చెప్పండమ్మా," అన్నాడు జనాభా లెక్కలాయన, న్యూయార్క్ బ్రాంక్స్‌లో ఓ మూడో అంతస్తు గుమ్మం ముందు నిలబడి.

"డొమినికన్ దేశంవాళ్లమని చెప్పాగా!" అంది నెరేయిదా.

"లాటినో అని, అంటే స్పానిష్ మాట్లాడే దేశాలవాళ్లని రాసుకున్నాను. అది జాతి కిందికి రాదు. ఇంకో గడి నింపాలి."

"అబ్బో! మేమెవరమో మీ కాగితం చెప్పాలా?" నెరేయిదా పిల్లలు ముగ్గుర్నీ పిలిచి వరసగా నిలబెట్టింది. "ముగ్గురికీ నేనే తల్లిని, ఒక్కడే తండ్రి. కళ్లున్నాయిగా, చూసి రాసుకో నాయనా!"

ఆయన నిజంగానే చూశాడు. పెద్దాడికి తెలుపు, చిన్నదానికి ఇతరులు, నడిపిదానికి నలుపు. టిక్కు పెట్టినప్పుడల్లా పైకి చదివాడు కూడా.

"ఒక్క కడుపున మూడు జాతులు! మీ సర్కారు తెలివి తెల్లారినట్టే ఉంది," అని పకపకా నవ్వి, తలుపు ధడాలున వేసింది నెరేయిదా. ఆ నవ్వుతోనే నడిపిదాన్ని రోజూలాగే ముద్దుగా పిలిచింది. "నల్లపిల్లా, రావే, అన్నం తిందువు."

ఆ పిలుపు వింటే చాలు, పరిగెత్తుకొచ్చి ఒళ్లో వాలే ఏడేళ్ల పిల్ల, ఈసారి కదల్లేదు.

"నా పేరు యాదిరా," అంది, చేతులు రెండూ వెనక్కి దాచుకుంటూ.