స్టేటస్ కోడ్ 200

“నీ కోడ్‌కి సిగ్గుందా అసలు?” అంది టీమ్ లీడ్ పళ్లు నూరుతూ.

వీడియో కాల్‌లో జూనియర్ తల దించుకున్నాడు. ఆ రోజు గురువారం, ఆమె కెమెరా ఎప్పట్లాగే ఆఫ్‌లో ఉంది. మంగళ, గురు, శనివారాలు ఆమెకు వర్క్ ఫ్రమ్ హోమ్. ఆ మూడు రోజులూ గొంతు పెద్దగా లేవదు గానీ, తిట్లలో పదును మాత్రం తగ్గదు.

డయాలసిస్ సెంటర్ల కోసం వాళ్లు తయారుచేసిన యాప్ అది. రోగి తన వంతు బుక్ చేసుకుంటే ఆ రిక్వెస్ట్ సర్వర్‌కి వెళ్తుంది. డేటాబేస్‌లో పేరు ఎక్కితే 200 అని జవాబు రావాలి, అంటే అంతా సవ్యం. ఎక్కకపోతే 500, అంటే మావల్ల కాలేదు. జూనియర్ రాసిన కోడ్ మాత్రం ఏం జరిగినా 200 అనే చెప్పింది.

సోమవారం డేటాబేస్ మొరాయించింది. మంగళవారం పొద్దున పదకొండు మంది “బుక్ అయింది” అన్న మెసేజ్ పట్టుకుని సెంటర్‌కి వెళ్లారు. లిస్టులో ఒక్కరి పేరూ లేదు. వెనక్కి పంపేసిన ఒక పెద్దాయన మర్నాటికి ఐసీయూలో చేరాడు.

“ఆయన కాళ్లు ఎలా వాచిపోయాయో తెలుసా? చెప్పులు కూడా పట్టలేదు!”

“మీరు చూశారా అక్కా?”

“ఎవరో చెప్పార్లే. మాట మార్చకు. ఎర్రర్‌ని ఎందుకు మింగేశావు?”

“చూపిస్తే పేషెంట్లు కంగారుపడతారని...”

ఆమెకు ఒళ్లు మండిపోయింది.

“కంగారుపడతారనా! లోపల కొంప మునుగుతుంటే బయటికి బ్రహ్మాండం అని చెప్తావా? కంగారుపడితేనే కదయ్యా ఇంకో దారి చూసుకునేది! నీ జాలితో వాళ్ల ప్రాణాలు తీస్తావా?”

వెనక ఏదో కుయ్‌కుయ్‌మంది.

“అదేంటక్కా?”

“మైక్రోవేవ్. నీకెందుకు? ఆరింటికి రేపటి బుకింగులు తెరుచుకుంటాయి. ఈలోగా సరిచెయ్యకపోతే ఇంకో పదకొండు మంది రోడ్డున పడతారు. రాయి!”

అతను రాశాడు. ఆమె ఒంటిచేత్తో టైపు చేస్తూ మూడుసార్లు తిప్పిపంపింది. ఐదున్నరకి డేటాబేస్‌ని కావాలనే ఆపి పరీక్షించారు. 500 వచ్చింది. దాని కింద, “మీ వంతు బుక్ కాలేదు. వెంటనే సెంటర్‌కి ఫోన్ చేయండి” అని వచ్చింది.

“ఇప్పుడు నిజం చెప్పి ఏడ్చింది,” అని కాల్ కట్ చేసింది.

వెంటనే అమ్మ ఫోన్.

“ఒంట్లో ఎలా ఉందే? గొంతు నీరసంగా ఉందేం?”

“ఒకణ్ణి దులిపేశాన్లే, అందుకు. నాకేంటమ్మా, బ్రహ్మాండంగా ఉన్నా,” అంటూ, రెండు సూదులు దిగిన ఎడమచేతిని కదపకుండా, తన రక్తాన్ని వడకడుతున్న మిషన్ మళ్లీ మోగకుండా చూడమని నర్సుకి సైగ చేసింది.