రెండోవాడి ఆఖరి పందెం

"కాస్త తొందరగా పోనివ్వు నాయనా, వెనకాల వాళ్లు వచ్చేస్తున్నారు," అంది పెద్దావిడ.

డ్రైవరు అద్దంలో చూశాడు. దూరంగా, మలుపు దగ్గర తెల్లబండి కనిపించింది.

"ఇది శవాల బండమ్మా, రేసు కారు కాదు. దీన్ని ఇలాగే తోలాలి."

"లోపల పడుకున్నాయన ఎవరో తెలిస్తే ఆ మాట అనవు," అన్నాడు జాకీ.

ముందు సీట్లో నలుగురూ ఇరుక్కుని కూర్చున్నారు. డ్రైవరు, పెద్దావిడ, జాకీ, పానా. ఆ చివరి రెండూ అమ్మానాన్నలు పెట్టిన పేర్లు కావు. ఒకప్పుడు కార్ల పందేల్లో పెద్దావిడ భర్త కారు ఆగీ ఆగగానే ఒకడు జాకీతో పైకి లేపేవాడు, ఇంకొకడు పానాతో చక్రాలు విప్పేవాడు. మోకాళ్లు అరిగిపోయినా పేర్లు మాత్రం అరగలేదు. వాళ్ల వీపుల వెనక రేకు గోడ. దాని అవతల, పెట్టెలో ఆయన.

ఆయన్ని లోకమంతా 'రెండోవాడు' అనేది. ఏ పందెమైనా ముందు తుఫాను, వెనక ఈయన. తుఫాను అనేది ఈయన పోటీదారుడికి జనం పెట్టిన పేరు. చివరికి చావులోనూ అదే వరస. తెల్లవారుజామున తుఫాను పోయాడు. ఆ సంగతి టీవీలో చూసి, "ఇందులోనూ వీడే ముందా!" అంటూ మధ్యాహ్నానికి ఈయన పోయాడు.

ఇప్పుడు వెనక తెల్లబండిలో వస్తున్నదీ తుఫానే. దహనవాటికలో ఉన్నది ఒకటే కొలిమి. ఫోన్ చేస్తే కాపలాదారు తెగేసి చెప్పాడు. "ఫోన్లో వంతులు కుదరవమ్మా. ఎవరి బండి ముందొచ్చిందో నాకనవసరం. ఏ పెట్టె ముందు గడప దాటితే దానిదే మొదటి వంతు."

"బతికుండగా ఒక్కసారీ ముందు చేరలేదు," అంది పెద్దావిడ కళ్లు తుడుచుకుని. "ఇవాళైనా చేరాలి."

"మేమున్నాం కదా వదినా," అన్నాడు పానా.

"మీరున్నారనే నా బెంగ."

పానా తల దించుకున్నాడు. డ్రైవరు అర్థంకాక చూస్తే, వాడే చెప్పుకొచ్చాడు. "కొండదారి పందెం. ఆఖరి చుట్టు. వెనక కనుచూపు మేరలో తుఫాను లేడు. మావాడు టైర్ల కోసం ఆగాడు. మేం నాలుగు చక్రాలూ మార్చిన వేగానికి జనమంతా లేచి నిలబడ్డారనుకో. చూసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు."

"అయితే గెలిచారన్నమాట!"

"పెట్రోలు పొయ్యడం మర్చిపోయాం."

డ్రైవరు నవ్వు ఆపుకోడానికి దగ్గాడు.

"గెలుపు జెండా కనపడే చోట కారు ఆగిపోయింది," అంది పెద్దావిడ. "తుఫాను చెయ్యూపుతూ పక్కనుంచి వెళ్లిపోయాడు. ఆ ఊపు ఈయన చచ్చేదాకా మర్చిపోలేదు."

సరిగ్గా అప్పుడే ఢామ్మని చప్పుడైంది. బండి కుడిపక్కకి ఒరిగింది.

"టైరు పోయింది," అన్నాడు డ్రైవరు.

"స్టెప్నీ ఏదీ?"

"పెట్టె కింద పలకుంది, ఆ పలక కింద."

"దించండి!" అని అరిచింది పెద్దావిడ.

నలుగురూ కలిసి పెట్టెని దించి, రోడ్డు వారనున్న ప్రహరీ గోడ పక్కన నీడలో ఆనించారు. జాకీ, పానా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరి నడుములూ ఒక్కసారిగా నిటారయ్యాయి. తెల్లబండి అంతకంతకూ పెద్దదవుతోంది.

"లేపు!"

"లేపా!"

"ఆ చక్రం ఇలా తొయ్యి! నట్లు?"

"బిగించా! దింపు!"

"దింపా! ఎక్కండి, ఎక్కండి!"

డ్రైవరు చొక్కా చేతులు మడుచుకునేలోపు పని పూర్తయిపోయింది. పానా అతన్ని రెక్క పట్టుకుని స్టీరింగు ముందు కూలేశాడు.

"ఆగండి!" అంది పెద్దావిడ. అందరూ బిగుసుకుపోయారు. "ఈసారి పెట్రోలుందా?"

"నిండా ఉందమ్మా."

"అయితే పోనివ్వు!"

బండి ఈకలా తేలిపోయింది. తెల్లబండి అద్దంలో చుక్కంత అయి, మాయమైంది.

"ఇదేం చోద్యమండీ, ఇంత తేలిగ్గా ఇది ఎన్నడూ పోలేదు," అన్నాడు డ్రైవరు.

"చక్రం బిగించిందెవరనుకున్నావ్?" అని పానా మీసం దువ్వాడు.

దహనవాటిక గేటు ముందు బండి కీచుమని ఆగింది. వెనక దుమ్ము తప్ప మరేమీ లేదు. పెద్దావిడ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. కాపలాదారు గొడుగు ముడిచి, "మీరే ముందు. కానివ్వండి, దించండి," అన్నాడు.

జాకీ వెనక తలుపు తెరిచాడు. మూశాడు. మళ్లీ తెరిచాడు.

"ఏమైంది?" అంది పెద్దావిడ.

"వదినా... ఆ రోజు పెట్రోలు మర్చిపోయాం కదా..."

ఆవిడ వచ్చి తొంగిచూసింది. పలక ఉంది. పలక మీద రెండు పూరేకులున్నాయి. అంతే.

"ఆయన్నా?" అంది. మెల్లగా మెట్టు మీద కూలబడింది. "బతికున్నన్నాళ్లూ రెండోస్థానమైనా దక్కేది మహానుభావుడికి. ఇవాళ అదీ లేకుండా చేశారు కదర్రా!"

జాకీ నేల చూపులు చూశాడు. పానా మీసం దానంతటదే కిందికి దిగింది.

ఈలోగా తెల్లబండి వచ్చి, హుందాగా ఆగింది. దాని వెనక తలుపు సరిగ్గా మూతపడక, తాడుతో కట్టి ఉంది. తుఫాను భార్య దిగింది. పందేల రోజుల్లో వీళ్లిద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని, ఒకే గుడ్డతో కళ్లు మూసుకునేవారు.

"అక్కయ్యా, మీ ఆయన గోడ పక్కన ఒక్కరే ఉన్నారు. ఎలాగూ ఇటే కదా అని ఎక్కించుకొచ్చాం. ఇద్దరికీ లోపల చోటు చాలక తలుపు పడలేదు."

"మొత్తానికి తుఫాను బండిలోనే రావాల్సొచ్చింది ఈయనకి," అంది పెద్దావిడ, నవ్వాలో ఏడవాలో తెలియక.

"పొద్దుపోతోందమ్మా, ఎవరో ఒకరు ముందు గడప దాటండి!" అని కాపలాదారు విసుక్కున్నాడు.

పానా వెళ్లి తాడు విప్పాడు. తలుపు దానంతటదే తెరుచుకుంది. గుమ్మం అంచున రెండోవాడి పెట్టె ఉంది.

ఆయన వెనకాల తుఫాను ఉన్నాడు.