పొయ్యి వెలగని ఇల్లు

ఆ ఇంట్లో మూడు రోజులు పొయ్యి వెలిగించరు. చావు జరిగిన ఇంటికి అన్నం బయటి నుంచే రావాలి. అందుకే సుంకప్ప ఎమ్మిగనూరులో తెల్లవారకముందే లేచి, తనే వండి, టిఫిన్ క్యారియర్‌తో ఆదోని బస్సెక్కాడు.

పోయినాయన వాజిద్ సాహెబ్. ఆదివారం పేపర్లో పెరటి మొక్కల గురించి రాసేవారు. సుంకప్ప బడిపంతులు. సాహెబ్ రాసిన ఒక్క ముక్కా వదలకుండా చదివిన మనిషి. చదివి ఊరుకోకుండా, చెప్పింది చెప్పినట్టు చేసిన మనిషి.

వాకిట్లో కొడుకు రిజ్వాన్ ఎదురొచ్చాడు.

"నిన్న మట్టి వేసేదానికి అందుకోలేకపోయినా నాయనా," అన్నాడు సుంకప్ప.

"మీరు వచ్చినారు, అది చాలు సార్. 'ఆ సారు దగ్గర మొక్కలు బతుకుతాయి, నీ దగ్గర రాతలు బతుకుతాయి' అని అమ్మీ అబ్బాను ఎక్కిరిస్తాండె." నవ్వబోయి ఆగిపోయాడు.

ఆ మాట నిజమే. సాహెబ్ పెరట్లో ఉప్పునీళ్లకు ఏదీ నిలిచేది కాదు. అందుకే ఏడాదిగా ప్రతి ఆదివారం సుంకప్ప ఒక ఆకుకూర కట్ట తెచ్చి ఆయన చేతిలో పెట్టేవాడు. సాహెబ్ ఒక్కో ఆకూ వెలుతురుకు ఎత్తి చూసేవారు.

"ఒక్క చిల్లు లేదు చూడప్పా! మందు కొట్టకుండా పురుగును ఎట్ల ఆపినావు?"

"మీరు రాసినట్టే చేసినా సాహెబ్. కుండీలు కొనలేదు. ఊరికే పడుండేటివే వాడుకున్నా."

ఆ వారం పేపర్లో సాహెబ్ సుంకప్ప పెరటి గురించే రాశారు.

రిజ్వాన్ గొంతు తగ్గించాడు. "ఏం రోగమో తెలీకుండానే పోయినాడు సార్. అన్నం ఇమడదు. చూపు మసక. చేతులు ఒకటే వణుకు. కర్నూలు దాకా తీస్కపోయినాం. ఇప్పుడు అమ్మీకీ అదే వణుకు మొదలైంది. ఈమెనన్నా దక్కించుకోవాల."

సుంకప్ప భార్య ఉరుకుందమ్మ కూడా అట్లాగే పోయింది. చివరికి చెంబు పట్టుకోలేకపోయింది. ఈమధ్య తన వేళ్లూ నిలకడగా ఉండటం లేదు. దిగులనుకున్నాడు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"మా యింటామె అన్నం మానేసింది నాయనా. అదే ఆమెను తీసుకపోయింది. మీ అమ్మకు బలవంతంగానన్నా తినిపించు."

పరదా వెనక నుంచి సాహెబ్ భార్య షమీమ్ గొంతు సన్నగా వినిపించింది. "అన్నా, మీ ఆకుకూరంటే ఆయనకు పానం. చివరి ముద్ద కూడా దాంతోనే తినినారు."

సుంకప్ప క్యారియర్ విప్పాడు. జొన్నరొట్టెలు, పాలకూర పప్పు. పళ్లెం పరదా వెనక్కి వెళ్లింది. ఖాళీగా తిరిగొచ్చింది. రిజ్వాన్ కూతురు ఇరమ్ గిన్నె అడుగు వేలితో తుడిచి నాకింది.

"తాతా, రేపు కూడా తెస్తావా?"

"తెస్తా తల్లీ."

ఉరుకుందమ్మ పోయాక మొదటిసారి అతనికి కాస్త ఊపిరాడినట్టైంది.

పోతూ పోతూ ఖబరస్తాన్ దగ్గర దిగాడు. తడి ఆరని మట్టి పక్కన చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"సాహెబ్, మీరు నేర్పిన పని ఇది. మీరు లేరని మీ ఇంటికి నా ఆకు ఆగదు."

సాయంత్రం ఇల్లు చేరగానే రేపటికి పాలకూర కోశాడు, ఎప్పుడో తానూ ఉరుకుందమ్మా వాసన పోయేదాకా సబ్బుతో కడిగి మట్టి నింపుకున్న పత్తి పురుగుమందు డ్రమ్ముల్లోంచి.